గూగులు కొలువులోని అసంతుష్టి

యజమానునకును భృత్యునకును నడుమ వివాదము పుట్టుట లోకమున నూతనవిషయము గాదు. మన ధర్మశాస్త్రకారులు వ్యవహారపదములను పదునెనిమిదిగా విభజించి, జీతమియ్యకుండుటవలన గలుగు వివాదమును అందొకటిగా లెక్కించిరి. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున పనివాండ్ర కూలిని గూర్చియు, జట్టుగా గూడి పనిచేయువారి కట్టుబాట్లను గూర్చియు ప్రత్యేకముగా చెప్పియున్నాడు. పనివాని మొఱ విని తీర్పు చెప్పుట రాజుధర్మమని మన పెద్ద లెఱుగుదురు. అయినను ఆ గ్రంథములయందు గానవచ్చు భృత్యుడు కూలికొఱకు వచ్చినవాడు. కూలి దక్కినచో వాని వివాదము ముగిసినట్లే. జీతము పుష్కలముగా ముట్టి, మధ్యాహ్నభోజనము సైతము యజమానుడే పెట్టి, ఆటపాటలకు స్థలము గూడ నమర్చిన పిమ్మట భృత్యుడు అసంతుష్టుడై వీధి కెక్కినచో దానికి కారణమేమి? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము శాస్త్రములయందు దొరకదు. గడచిన పాతికేండ్ల చరిత్రలో వెదకవలయును.

మన తెలుగు కుటుంబములవారికి ఈ ప్రశ్నతో పని యెంతైన గలదు. పెద్ద కంప్యూటరు కంపెనీలో కుఱ్ఱవానికి ఉద్యోగమైనదన్న వార్త వీధి వీధియంతయు ప్రాకును. సంబంధములు మాటలాడునపుడు కంపెనీ పేరు కులగోత్రముల సరసన గూర్చున్నది. ఒక్కొక్కచోట వానిని ప్రక్కకు నెట్టి ముందు గూర్చున్నది. జీతమెంత, వీసా యేది, ఇల్లు కొన్నాడా యని యడుగువారే కాని, అక్కడ మీవాడు తన పైయధికారి యెదుట తనకు దోచిన మాట చెప్పగలడా, చెప్పిన మఱునాడు కొలువు నిలుచునా యని యడిగిన మామగారిని మేము ఇంతవరకు చూచియుండలేదు. కావున ఆ సంస్థలలో మిక్కిలి ప్రసిద్ధమైనదియు, 2004వ సంవత్సరమునుండి హైదరాబాదున గూడ కార్యాలయము గలదియు నగు గూగులు సంస్థ వృత్తాంతమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయ బూనితిమి.

1998 సెప్టెంబరులో లారీ పేజి, సెర్గీ బ్రిన్ అను ఇద్దరు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ విద్యార్థులు కాలిఫోర్నియాలోని మెన్లోపార్కున ఒక యింటి కారుషెడ్డులో ఈ సంస్థను నెలకొల్పిరి. విద్యార్థులు స్థాపించినది గావున దానికి విద్యాలయపు వాసన చాలకాలము వదలలేదు. వారమున కొకపరి ఉద్యోగులందఱును ఒకచోట జేరుదురు. స్థాపకులు వేదిక నెక్కుదురు. నిన్న చేరిన కుఱ్ఱవాడు సైతము లేచి, మీరు చేసినపని తప్పుగదా యని వారి నడుగవచ్చును. భోజనము ఉచితము. చెడు చేయవలదనునది సంస్థవారు తమకు దామే పెట్టుకొన్న సూత్రము. 2004 ఆగస్టులో వాటాలను ప్రజలకు విక్రయించినపుడు స్థాపకులు వాటాదారులకు వ్రాసిన లేఖలో, ఉద్యోగులు తమ కాలములో నైదవవంతు తమకు మేలనితోచిన క్రొత్తపనులపై వెచ్చించునట్లు ప్రోత్సహింతుమని ప్రకటించిరి. ఇట్టి మాట అంతకుమున్ను ఏ మిల్లుయజమానుడైన, ఏ రైల్వేకంపెనీయైన పలికియుండునా?

కాని యా సంవత్సరమే జరిగిన మఱియొక యేర్పాటును గూర్చి అంతగా నెవ్వరును మాటలాడుకొనలేదు. వాటాలు రెండు తరగతులుగా జేయబడెను. ప్రజలు కొన్న వాటాకు ఒక యోటు. స్థాపకులు మొదలగువారి యొద్ద నుంచుకొన్న వాటాకు పది యోట్లు. అనగా వారపుసభలో నోరెత్తుటకు అందఱకు స్వేచ్ఛ గలదు. సంస్థ యేదారిని నడువవలయునో నిర్ణయించు నధికారము మాత్రము కొలదిమంది చేతిలో గట్టిగా నుంచబడినది. మాటలాడు స్వేచ్ఛ అనుగ్రహము, ఓటు హక్కు. ఈ రెంటికి గల భేదము ఆ యుద్యోగులకు తెలియుటకు పదునాలుగేండ్లు పట్టినది. తరువాతి చరిత్ర యంతయు ఈ భేదమునుండి పుట్టినదే యని మా యభిప్రాయము.

వారపుసభలు నిండుగా జరుగుచున్న దినములలోనే తెరవెనుక వేఱొక వ్యవహారము నడచెను. గూగులు, ఆపిల్, ఇంటెల్, అడోబి మున్నగు కంపెనీల పెద్దలు, ఒకరి యుద్యోగులను మఱియొకరు పిలిచి యెక్కువ జీతమున కాశపెట్టరాదని తమలో తాము ఒప్పందములు చేసికొనిరి. కొలువు మాఱుటయే కదా పనివానికి జీతము పెరుగు మార్గము. ఆ మార్గమున వానికి దెలియకుండ ముండ్లకంప వేసిరి. 2010లో అమెరికా న్యాయశాఖ దీనిని బయలుపఱచి మాన్పించినది. పిమ్మట ఉద్యోగులు వ్యాజ్యము వేయగా, సుమారు 64,000 మందికి సంబంధించిన యా వివాదమున కంపెనీలు మొదట 32 కోట్ల డాలరులకు పైబడిన సొమ్ముతో సరిపెట్టుకొనజూచినవి. అది చాలదని 2014లో న్యాయమూర్తి నిరాకరింపగా, 2015లో 41 కోట్ల 50 లక్షల డాలరులకు తీర్మానమైనది. వారపుసభలో నెన్ని ప్రశ్న లడిగినను బయటపడని సంగతి న్యాయస్థానమున బయటపడినదని చదువరులు గమనింతురుగాక.

2017 ఆగస్టులో మాటస్వేచ్ఛకు మొదటి పెద్దపరీక్ష వచ్చినది. జేమ్స్ డామోర్ అను ఇంజనీరు, కంప్యూటరు వృత్తిలో స్త్రీలు తక్కువగా నుండుటకు స్వభావభేదములు గూడ కొంత కారణము కావచ్చునని పదిపుటల వ్యాసము వ్రాసి సంస్థలో పంచిపెట్టెను. 2014లో సంస్థవారే ప్రకటించిన లెక్కలనుబట్టి సాంకేతికోద్యోగములలో స్త్రీలు నూటికి 17 మంది మాత్రమే. అట్టిచోట ఈ వ్యాసము పెట్రోలుపై నిప్పువలె పడెను. సంస్థ యతనిని తొలగించెను. దానిని గూర్చి ముచ్చటించుటకు పిలిచిన సర్వసభను గూడ, ఉద్యోగుల ప్రశ్నలును పేర్లును బయటికి పొక్కి వారు వేధింపులకు గుఱియగుచున్నారని చెప్పి, చివరినిమిషమున మానివేసెను. స్త్రీవిద్యకొఱకు ఇన్నేండ్లు పాటుపడిన మనకు ఆ వ్యాసకర్త వాదము రుచింపదు. తొలగింపు చట్టబద్ధమే యని శ్రామికమండలి న్యాయవాది 2018లో నభిప్రాయపడెను. ఐనను మేమొక్కటి చూచితిమి: ఆ దినమున నతని తొలగింపునకు సంతోషించిన వారిలో పలువురు, రెండేండ్లలోపల తమ మాటకు గూడ అదేగతి పట్టుటను చూడవలసివచ్చెను.

ఇక 2018వ సంవత్సరమును గూర్చి కొంత విపులముగా జెప్పవలయును. అమెరికా రక్షణశాఖవారు అంతకుముందు ఏడాది మేవెన్ అను పేర నొక పని నారంభించిరి. ఆకాశమున దిరుగు డ్రోనులు తీసిన చలచ్చిత్రములు మనుష్యులు చూచి ముగింపలేనన్ని పోగుపడుచుండగా, వానిలో కనబడు వాహనములు మున్నగువానిని కృత్రిమమేధచే గుర్తింపజేయుట దాని యుద్దేశము. ఈ పనిలో తమ సంస్థ పాలుపంచుకొన్నదని ఆ వసంతమున ఉద్యోగులకు తెలిసినది. బొమ్మలోని పిల్లిని కుక్కను వేఱుపఱచుటకై తాము పెంచిన విద్య రేపు చంపదగినవానిని జూపుటకు పనికివచ్చునాయని వారికి భయము గలిగెను. గూగులు యుద్ధవ్యాపారమున నుండరాదని మహజరు వ్రాసి మూడువేలమందికి పైగా, పిదప నాలుగువేలవఱకు, చేవ్రాళ్ళు చేసిరి. ఇంచుమించు పండ్రెండుగురు ఉద్యోగములే విడిచిరి. జూను 1వ తేదిని సంస్థవారు, గడువు తీరిన పిదప ఆ యొప్పందమును పొడిగింపమని చెప్పిరి. జూను 7వ తేదిని కృత్రిమమేధను గూర్చి కొన్ని నియమములను ప్రకటించి, ఆయుధములకొఱకు దాని నుపయోగింపమని మాట యిచ్చిరి.

ఇది ఉద్యోగుల విజయమని నాడు లోకమంతయు చెప్పుకొన్నది. జీతము పెంచుడని కాక, మా పనితో పరులను చంపింపకుడని భృత్యులు అడుగుటయు, యజమానులు వినుటయు సామాన్యము గాదు. కాని యా మాట యెవరితోడి ఒడంబడిక? ఎవరితోడను గాదు. సంస్థ తనకు దాను వ్రాసికొన్నది, తానే కొట్టివేయవచ్చును. 2025 ఫిబ్రవరి 4వ తేదిని ఆయుధములను గూర్చియు, ప్రజలపై నిఘాను గూర్చియు నున్న ఆ ప్రతిజ్ఞలను నియమావళినుండి తీసివేసిరి. దీనికై యే న్యాయస్థానమున నెవ్వరు ఫిర్యాదు చేయగలరు?

మేవెన్ వివాదము చల్లారకముందే, 2018 ఆగస్టున, చీనాదేశములో ప్రభుత్వమునకు గిట్టని విషయములను దాచిపెట్టు శోధనయంత్రమును సంస్థ రహస్యముగా నిర్మించుచున్నదని పత్రికలలో వెలువడెను. దానికి డ్రాగన్‌ఫ్లై అని పేరు. 2010లో ఈ కత్తిరింపులను సహింపలేకయే ఆ సంస్థ చీనాలో తన శోధనను నిలిపి హాంగుకాంగునకు మరల్చిన కథ యుద్యోగులకు జ్ఞాపకమున్నది. తాము చేయుచున్నపని యేమిటో తమకే తెలియకున్న, అది ధర్మమో యధర్మమో యెట్లు నిర్ణయింపగలమని సుమారు 1,400 మంది వ్రాసి యడిగిరి. ఈ ప్రశ్న మాకు మిక్కిలి న్యాయముగా దోచినది. ఆ పనిని విరమించితిమని సంస్థవారు 2019 జూలైలో అమెరికా శాసనసభకు తెలిపిరి.

అక్టోబరు 25వ తేదిని న్యూయార్కు టైమ్సు పత్రిక మఱియొక సంగతిని ప్రకటించెను. ఆండ్రాయిడు నిర్మాతయగు ఆండీ రూబిన్‌పై లైంగికదురాచారపు ఫిర్యాదు వచ్చి, అది నమ్మదగినదని సంస్థ తలచిన పిమ్మటగూడ, 2014లో ఆయనను గౌరవముతో సాగనంపి 9 కోట్ల డాలరులు ముట్టజెప్పిరని యందు గలదు. ఆయన ఆ నిందను కాదనెను. సంస్థ ముఖ్యాధికారి సుందర్ పిచ్చయ్ వెంటనే యుద్యోగులకు జాబు వ్రాసి, గడచిన రెండేండ్లలో ఇట్టి నేరములకై 48 మందిని తొలగించితిమనియు, వారిలో 13 మంది పెద్దయధికారులనియు, ఎవ్వరికిని సొమ్మియ్యలేదనియు చెప్పెను. తమ్ము సమాధానపఱచుటకై యిచ్చిన ఆ సంఖ్యయే పలువుర నదరగొట్టెను.

వారము తిరుగగానే నవంబరు 1వ తేది వచ్చినది. ఏ దేశమున నా దేశపు గడియారము ఉదయము 11 గంటల 10 నిమిషములు చూపగానే ఉద్యోగులు లేచి బయటకు నడువవలయునని సంకేతము. మొదట టోక్యోలో లేచిరి. సూర్యునివెంట నా లేచుట సింగపూరు, మన దేశము, ఐరోపా మీదుగా న్యూయార్కునకును, కాలిఫోర్నియాకును పాకినది. తామేల లేచిపోయితిమో చెప్పు చీటీలను బల్లలపై విడిచిరి. 50 నగరములలో సుమారు 20,000 మంది పాల్గొనిరని నాయకులు లెక్కించిరి. మన హైదరాబాదు కార్యాలయమునను కొందఱు బయటకు వచ్చిరి. ఏ యింటియందు స్త్రీ తనకు జరిగిన యవమానమును చెప్పుకొన్న పరువు పోవునని నోరు మూయింతురో, అట్టి యిండ్లనుండి వచ్చిన యువతులు పట్టపగలు సాటి స్త్రీలకై వీధిలో నిలుచుట చిన్న సంగతి గాదు.

వారి కోరికలలో ముఖ్యమైనది జీతపు మాట గాదు. ఉద్యోగములో జేరినపుడు చేవ్రాలు చేసిన పత్రములో, మున్ముందు సంస్థతో వివాదము వచ్చినచో న్యాయస్థానమునకు బోక మధ్యవర్తి తీర్పునకు లోబడుదునను నియమ ముండెను. మధ్యవర్తి యనగానే మన పల్లెలలోని రచ్చబండ తలపునకు వచ్చును గాని, రచ్చబండ తీర్పు పదుగురి కన్నులయెదుట జరుగును. ఇది మూసిన తలుపుల వెనుక జరుగును. ఒక స్త్రీకి జరిగినది మఱియొక స్త్రీకి తెలియదు. నూర్గురికి జరిగినను ఎవరికి వారు తమకొక్కరికే జరిగినదనుకొందురు. ఈ నియమమును కొట్టివేయుడని వారడిగిరి. స్త్రీపురుషుల జీతభేదమును పోగొట్టుడనియు, దురాచారపు లెక్కలను బహిరంగపఱచుడనియు, పాలకమండలిలో ఉద్యోగుల ప్రతినిధి నొకనిని కూర్చుండబెట్టుడనియు గూడ నడిగిరి.

వారములోపల సంస్థవారు లైంగికవేధింపుల విషయమున నా నియమమును వదలుకొనిరి. 2019 మార్చి 21వ తేదినుండి అన్ని వివాదముల విషయమునను వదలుకొనిరి. 2022 మార్చిలో లైంగికవేధింపు ఫిర్యాదులందు ఇట్టి నిర్బంధమధ్యవర్తిత్వమును దేశమంతటను చెల్లనీయని చట్టముపై అమెరికా అధ్యక్షుడు చేవ్రాలు చేసెను. ఆ చట్టమునకు కారణములు పెక్కులు. ఈ యుద్యోగుల నడక యందొకటి. పాలకమండలిలో స్థానము మాత్రము రాలేదు. మాట యిచ్చుట సులభము, ఓటిచ్చుట కష్టము!

2019లో గాలి మాఱినది. నడకను నడిపించినవారిలో నిద్దఱు తమపై కక్ష సాధించుచున్నారని, తమ పనిని తగ్గించి తమ్ము వెనుకకు నెట్టుచున్నారని వెల్లడించిరి, సంస్థ కాదనెను, ఇద్దఱును ఆ వేసవిలోనే వెడలిపోయిరి. ఆగస్టులో, పనివేళల రాజకీయచర్చలతో కాలము వెళ్ళబుచ్చవలదని క్రొత్తనియమములు వచ్చినవి. నవంబరులో వారపుసభ నెలకొకసారి సభయై, వ్యాపారవిషయములకే పరిమితమైనది. సభలో పలికిన ప్రతిమాట పత్రికల కెక్కుచుండగా నిజము చెప్పుట యెట్లని యధికారు లనిరి. ఆ మాటలో సత్యము లేకపోలేదు. లక్షమందితో రహస్యము చెప్పుట యే రాజుతరము? ఆ నెలలోనే నలుగురు ఉద్యోగులను తొలగించిరి. తమకు పనిలేని పత్రములను తెఱచి చూచిరని సంస్థ వారిపై మోపిన నేరము; సంఘము గూర్చుచుండుటయే మా నేరమని వారి ప్రత్యుత్తరము. 2020 డిసెంబరులో శ్రామికమండలి, సంస్థ యుద్యోగులపై నిఘాపెట్టి చట్టవిరుద్ధముగా తొలగించెనని ఫిర్యాదు దాఖలు చేసినది.

ఈ శ్రామికమండలి 1935 నాటి చట్టమువలన బుట్టినది. నలుగురు గూడి తమ జీతమును గూర్చి, పనిచేయు పరిస్థితులను గూర్చి మాటలాడుకొన్నచో వారిని దండింపరాదని ఆ చట్టము చెప్పును. సంస్థ యేమి తయారుచేయుచున్నది, ఎవరి కమ్ముచున్నది యనునది యా చట్టమునకు ముఖ్యవిషయము గాదు. విచిత్రముగా మన ధర్మశాస్త్రములును ఈ చట్టమును ఒక్క తీరుననే భృత్యుని కూలివానిగానే యెఱిగినవి. మనస్సాక్షి గలవానిగా నెఱుగవు. ఆ లోటు నింకను తీర్పలేదు.

2021 జనవరి 4వ తేదిని రెండువందల పైచిలుకు మందితో ఆల్ఫబెట్ ఉద్యోగులసంఘము వెలసినది. ఎన్నికలో గెలిచి గుర్తింపు పొందిన సంఘము గాదు గావున, యజమానుని యెదుట కూర్చుండి బేరమాడుటకు దానికి చట్టబలము లేదు. కోరినవారందఱను జేర్చుకొనుట మాత్రము దాని గొప్ప. ఇట్టి సంఘము గలదని తెలిసియు, 2024 ఏప్రిలు 16వ తేదిని న్యూయార్కు, సన్నీవేలు కార్యాలయములందు కొందఱు, ఇజ్రాయేలు ప్రభుత్వముతో సంస్థ చేసికొన్న నింబస్ అను ఒప్పందమును నిరసించుచు కూర్చుండగా, తొమ్మండుగురిని పోలీసులు పట్టుకొనిరి. మఱునాడే 28 మందిని, కొలదిదినములలో ఇంచుమించు 50 మందిని తొలగించిరి. ఇతరుల పనికి అడ్డుపడిరని సంస్థ చెప్పెను. అడ్డుపడనివారిని గూడ తొలగించిరని నిరసనకారులు చెప్పిరి. ఇది వ్యాపారస్థలము, రాజకీయములు వాదించుకొనుచోటు గాదని ముఖ్యాధికారి యుద్యోగులకు వ్రాసెను. 2018లో నాలుగువేలమంది మహజరునకు ఒప్పందము నాగిపోయినది. ఆఱేండ్లకు అట్టి నిరసనకే కొలువు పోయినది. సంస్థ యదియే, యధికారియు నాయనయే. ఆయన మదురలో బుట్టి మద్రాసున బెరిగినవాడని మనవారు పొంగిపోవుట సహజమే కాని, గద్దెమీదివాడు మనవాడైనంత మాత్రమున గద్దె స్వభావము మాఱదు.

ఇంతవఱకు చెప్పినది తెల్లబిళ్ళలవారి చరిత్ర. పూర్వము మన కచేరీలలో బంట్రోతునకు మాత్రమే బిళ్ళ యుండెడిది; గూగులు కొలువున నందఱకును గలదు, రంగుమాత్రమే వేఱు. సంస్థ తానుగా నియమించినవారిది తెల్లబిళ్ళ. ఇతరకంపెనీల ద్వారమున వచ్చి అదే కట్టడములో కూర్చుండి పనిచేయువారిది ఎఱ్ఱబిళ్ళ. 2019 మార్చినాటికి మొదటివారు సుమారు 1,02,000. రెండవవారు సుమారు 1,21,000. ఇంటివారికంటె పరాయివారే యెక్కువన్నమాట. సర్వసభకు వీరిని రానీయరు. 2018 ఏప్రిలులో యూట్యూబు కార్యాలయమున కాల్పులు జరిగినపుడు, ప్రాణరక్షణకై పంపిన సమాచారము తెల్లబిళ్ళలవారికే పంపిరనియు, తమకు పంపలేదనియు, మఱునాటి సభకును తమ్ము రానీయలేదనియు ఎఱ్ఱబిళ్ళలవారు ఆ డిసెంబరులో బహిరంగలేఖ వ్రాసిరి. ఒక్కపంక్తిని గూర్చుండబెట్టి వడ్డనలో భేదముచేయు నాచారమును మనము మన యిండ్లలో ఖండించుచుంటిమి. సముద్రములకు ఆవల అద్దాలమేడలో అది వేఱురూపున వెలసియున్నది.

ఈ ఎఱ్ఱబిళ్ళల వ్యాపారములో మన దేశపు కంపెనీలకు పెద్దపాలు గలదు. నోయిడా ముఖ్యస్థానముగా గల హెచ్.సి.ఎల్. కంపెనీద్వారా పిట్స్‌బర్గు గూగులు కార్యాలయమున పనిచేయు సుమారు 80 మంది, 2019 సెప్టెంబరున 49 ఓట్లకు 24 ఓట్లుగా ఉక్కుకార్మికుల సంఘములో జేరనిశ్చయించిరి. కొలిమియొద్ద కాలినచేతులవారి సంఘములో మీటలు నొక్కు చేతులవారు చేరుట! పిదప వారి పనిలో కొంత పోలండునకు తరలించుచున్నారని శ్రామికమండలి 2020లో కంపెనీపై ఫిర్యాదు చేసినది. ఎట్టకేలకు 2021లో ఒడంబడిక కుదిరినది.

ఎఱ్ఱబిళ్ళయైనను, తెల్లబిళ్ళయైనను, మనవారికి మఱియొక కట్టు గలదు. హెచ్-1బి వీసాపై నున్నవాని నివాసము వాని యుద్యోగమును బట్టియుండును. ఉద్యోగము పోయిన 60 దినములలో వేఱొక యజమానుని జూచుకొనవలయును, లేదా మఱియొక తరగతి యనుమతి పొందవలయును, లేదా దేశము విడువవలయును. శాశ్వతనివాసపు అనుమతులలో ఏ యొక్కదేశమువారికిని ఏటేట నూటికి 7 వంతులకు మించి యియ్యరాదను నియమముచే మనవారు ఏండ్లకొలది వరుసలో నిలిచియున్నారు. 2023 జనవరి 20వ తేదిని సంస్థ 12,000 మందిని తొలగించెను. పలువురికి ఆ వార్త తెల్లవాఱుజామున ఈమెయిలురూపమున వచ్చినది. కొందఱకు కార్యాలయపు తలుపు బిళ్ళకు తెఱువకపోవుటయే వార్త. పూర్తి బాధ్యత నాదేయని ముఖ్యాధికారి వ్రాసెను. వ్రాసి తన పదవియందే యుండెను. దానికి ముందటి సంవత్సరము సంస్థ లాభము ఇంచుమించు 6,000 కోట్ల డాలరులు. ఆ దినమున వీసాలవారి యిండ్లలో బడికి బోవు బిడ్డలు, అప్పుతీరని యిల్లు, స్వదేశమున మందుల ఖర్చునకు ఎదురుచూచు తల్లిదండ్రులు, గోడమీది క్యాలెండరులో 60 దినములు. ఇట్టివాడు మహజరుపై చేవ్రాలు చేయలేదని వానిని పిఱికివాడనుటకు మాకు నోరు రాదు.

అయినను చేవ్రాలు చేసినవారు గలరు. టెక్సాసు రాష్ట్రములోని ఆస్టిన్ నగరమున, కాగ్నిజెంట్ కంపెనీద్వారా యూట్యూబు సంగీతవిభాగమునకు పనిచేయు నలుబదిమందికి పైగా ఉద్యోగు లుండిరి. గంటకు 19 డాలరులు మాత్రమే వచ్చువారును వారిలో నుండిరి. 2023 ఫిబ్రవరిలో పనిమానిరి. ఏప్రిలులో సంఘముకొఱకు ఓటు వేయగా అనుకూలముగా 41, ప్రతికూలముగా నొక్కటియు లేదు. వారితో మాటలాడవలసినది కాగ్నిజెంట్, మేము యజమానులము కామని గూగులు వాదించినది. 2024 జనవరిలో శ్రామికమండలి, గూగులు గూడ యజమానియే, బేరమున కూర్చుండవలసినదే యని తీర్పు చెప్పెను.

మఱుసటి నెల 29వ తేదిని ఆస్టిన్ నగరపాలకసభ సమావేశమైనది. ఈ యుద్యోగులతో గూగులు బేరమునకు రావలయునని కోరు తీర్మానమును గూర్చి మాటలాడుటకు వారిలో నొకడు లేచి, సభ్యులయెదుట తమ గోడు చెప్పుచుండెను. అతడు మాటలాడుచుండగనే సాటి ఉద్యోగి యొకరు అడ్డువచ్చి, తమ జట్టుయంతటిని ఆ దినముననే తొలగించిరని తెలిపిరి. ఒప్పందపు గడువు తీరినది గావున పని ముగిసినదని కంపెనీవారు తరువాత చెప్పిరి.